తాత్కాలికం

గాలికి పడవ ఆగిపోయి
కాల్సొయ్ దీవిలో చిక్కిన రాత్రి, మూడింటికి
మార్యున్ ఫోన్ చేసింది.
"పంజరాల్లో ఆక్సిజన్ అంకెలు ఆగిపోయాయి.
చేపలున్నాయో పోయాయో తెరకి తెలీదు.
నాకూ తెలీదు."
గాలి తగ్గి మంచు దిగింది.
కిటికీ అవతల ఫారో సముద్రం లేదు, కొండ లేదు,
ఒకటే తెల్లగోడ.

ఐసు ఫ్యాక్టరీ మెట్ల కింద చిన్న అర,
అందులో రౌటరు.
తెర లేదు, మీటలు లేవు,
ఉప్పుచారలు పట్టిన ఇనప్పెట్టె, ఒక పచ్చదీపం.
తీగ గుచ్చి, పేరు చెప్పి, రహస్యం చెప్పి
దారుల పట్టీ అడిగాను.

ఫలానా ఊరికి పోవాలంటే ఫలానా గుమ్మం.
అంతవరకే దాని చదువు.
గుమ్మం వెనక ఇల్లుందో లేదో దానికి పట్టదు.
ఏ వరసకీ కలవని వాళ్ల కోసం ఒక ఆఖరి దారి,
దిక్కులేని వాళ్లకి దిక్కు.

పది చుక్క ఇరవై చుక్క నాలుగు,
అదీ పంజరాల ఊరు.
దాని గుమ్మం ఉప్పుచేపల షెడ్డు మీది ఏంటెనా.
సాయంత్రం షెడ్డు కప్పు లేచి సముద్రంలో పడింది,
కప్పుతోపాటే గుమ్మం.
ఆ కబురు ఈ పెట్టెకి ఎవరు చెప్తారు?
ప్యాకెట్లు బుద్ధిగా అటే పోతున్నాయి.
ఒక్కటీ తిరిగి రాదు.
అబద్ధమాడటం లేదు పాపం,
ఎప్పుడో చెప్పించుకున్న మాట మీద నిలబడింది.

ఇక్కడి కొండమీద పాత నడకదారికి వర్దీలుంటాయి,
నడుమెత్తు రాళ్ల గుట్టలు.
మంచులో ఒక గుట్ట దగ్గర నిలబడితే
తర్వాతి గుట్ట కనబడాలి, అంతే లెక్క.
ఊరెక్కడుందో ఏ రాయికీ తెలీదు.
నడుమ ఒకటి జారి లోయలో పడితే
దాని ముందుది మాత్రం
ఇంకా అటే చూపిస్తుంటుంది.

ఫైలు తెరిచాను.
ఆ గీత నెత్తిన హల్లూర్ రాసుకున్న ముక్క:
"తాత్కాలికం. వేసవిలో మార్చాలి."
పక్కన తేదీ.
పదకొండు వేసవులు దాటిపోయాయి.
హల్లూర్ ఇప్పుడు గొర్రెల్ని చూసుకుంటున్నాడు,
ఫోన్ తీయడు, తీసినా వాటి కాళ్ల జబ్బు గురించే.

ఒకసారి టోర్షావ్న్‌లో నా కుర్చీలో కూర్చుని
ఈ పెట్టెలోని ఆఖరి దారినే చెరిపేశాను.
కూర్చున్న కొమ్మ అది.
తెర బిగుసుకుపోయింది.
పడవెక్కి, కక్కుకుంటూ వచ్చి,
ఒక్క గీత రాసి వెనక్కి పోయాను.
అందుకే ఇప్పుడు కటికనేల మీద, పెట్టెకి మోకాలానించి,
ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను.
పాతది తీసేయ్.
పంజరాల ఊరికి రేవు స్తంభం మీదుగా పో.

"వస్తున్నాయి" అంది మార్యున్.
"ఎనిమిది పాయింటు రెండు. ఎనిమిది పాయింటు ఒకటి.
బతికే ఉన్నాయి వెధవలు."
నవ్వో ఏడుపో, ఫోన్లో తెలియలేదు.
నేను మోకాళ్లు దులుపుకుని లేచాను.

తెల్లారుతుండగా కరెంటు పోయింది.
నిమిషంలో వచ్చింది.
పెట్టె మేలుకుని, ఫైలు మొదట్నించీ చదువుకుని,
మళ్లీ లేని షెడ్డు వైపు వేలు చూపించింది.
నేను చెప్పాను గానీ రాయలేదు.
నోటిమాట నీటిమూట.

మళ్లీ ఫోన్. మళ్లీ నేల.
ఈసారి రాశాను.
హల్లూర్ గీతని చెరపబుద్ధి కాలేదు,
ముందొక కంచెగుర్తు పెట్టి పడుకోబెట్టాను.
దాని కింద నాది.
నా వెనక వచ్చేవాళ్లకి
ఏదో ఒక ముక్క చెప్పాలి కదా పైన.
చాలాసేపు వేలు కదల్లేదు.
మంచు కాస్త పలచబడి
రేవు స్తంభం సగం కనబడుతోంది.

"తాత్కాలికం" అని రాశాను.
తేదీ వేశాను.
వేసవి మాట ఎత్తలేదు.